పక్షవాతం వచ్చిన చేతికి బంతి ఎందుకు వద్దంటే

ఆసుపత్రి నుంచి ఇంటికి చేరగానే చుట్టాలు తెచ్చేది స్పాంజి బంతి. "పిసుకుతూ ఉండు, బలం వస్తుంది" అంటారు. కానీ చాలామందికి కొన్ని వారాల్లో వేళ్లను ముడిచే కండరాలు వాటంతటవే బిగుసుకుంటాయి. బలం లేనివి తెరిచే కండరాలు. పట్టుకోవడం కన్నా వదలడమే కష్టం. అందుకే బంతికి బదులు ఖాళీ స్టీలు గ్లాసు ఇవ్వండి: పట్టుకోవాలి, జానెడు దూరం జరపాలి, వేళ్లు విప్పి వదలాలి.

అంతకన్నా ముందు చూసుకోవాల్సింది భుజం. చెయ్యి వేలాడుతున్న రోజుల్లో కీలును పట్టి ఉంచే కండరాలు పనిచేయవు. చేతి బరువుకే కీలు కిందికి జారి, భుజం కొన కింద వేలు పట్టేంత సందు తగులుతుంది. అప్పుడు చంకలో చెయ్యి వేసి లేపితే, చెయ్యి పట్టి లాగితే, నెలల తరబడి వదలని నొప్పి పట్టుకోవచ్చు. లేపేవారి ఒక చెయ్యి వీపు మీద రెక్క ఎముక దగ్గర, రెండోది నడుం దగ్గర ఉండాలి. కూర్చున్నప్పుడు మోచేతి నుంచి వేళ్ల దాకా దిండు మీద ఆనాలి. తాడూ గిలకా కట్టి చేతిని తలపైకి లాగించడం ఇంకా కొన్నిచోట్ల ఉంది, అది మానేయండి. చెయ్యి భుజం ఎత్తు దాటాలంటే రెక్క ఎముక కూడా పైకి తిరగాలి, జబ్బ బయటివైపు తిరగాలి. గిలక ఆ రెండూ పట్టించుకోకుండా లాగేస్తుంది, మధ్యలో కండరాలను ఎముకకు కట్టి ఉంచే స్నాయువులు నలుగుతాయి.

కాస్త కదలిక వచ్చాక బల్ల మీద తువ్వాలు పరిచి, రెండు చేతులూ దానిపై ఉంచి ముందుకు తోయడం మంచి మొదలు. నడుం వంగుతున్నా, భుజం చెవి దాకా లేస్తున్నా పని బరువైందని అర్థం. దూరం తగ్గించండి, ఎన్నిసార్లు అన్న లెక్క పెంచకండి.

మణికట్టును కనీసం 10 డిగ్రీలు వెనక్కి వంచి, బొటనవేలునూ ఇంకో రెండు వేళ్లనూ కూడా అంతే తెరవగలిగితే, మంచి చేతికి తొడుగు వేసి బలహీన చేతితోనే పనులు చేయించే పద్ధతి గురించి ఫిజియోను అడగండి. 2006లో వెలువడిన అమెరికా అధ్యయనం ఎక్సైట్‌లో 222 మంది పాల్గొన్నారు, స్ట్రోక్ వచ్చి 3 నుంచి 9 నెలలైనవారు. తొడుగు మెలకువగా ఉన్న సమయంలో 90 శాతం, రెండు వారాలు. మామూలు వైద్యం పొందినవారికన్నా తొడుగు వేసుకున్నవాళ్ల చెయ్యి బాగుపడింది, ఏడాది తర్వాత కూడా ఆ తేడా నిలిచింది. స్నానాల గదిలో, మెట్ల మీద, పొయ్యి దగ్గర మాత్రం తొడుగు తీసేయాల్సిందే. తూలితే పట్టుకోవడానికి ఉన్నది ఆ మంచి చెయ్యే.