తాళం తిప్పలేదు కాబట్టే క్లెయిమ్ వచ్చింది

2022 జూలై వరదలో, మహారాష్ట్ర అంచున తెలంగాణ సరిహద్దులో ఉన్న మా సిరొంచలో, మా కారు సీట్ల దాకా మునిగింది. భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిన వరద అది, మాకు ఎదురుగా అవతలి ఒడ్డున కాళేశ్వరం ప్రాజెక్టు కన్నేపల్లి పంప్‌హౌస్ మోటార్లే మునిగాయి, ఇక మా వాడకట్టు ఎంత!

గంగ (మా దగ్గర నదిని అలాగే అంటాం) పెరుగుతోందని పొద్దున్నుంచీ అంటూనే ఉన్నారు కానీ చీకటి పడ్డాక గంటలోనే వీధి మొగదల రోడ్డు మీద నీళ్లు పారడం మొదలైంది. బండి తీసి గట్టెక్కించేద్దామని తమ్ముడు అన్నాడు. నేను వద్దన్నాను. పారే నీళ్లు అడుగు లోతున్నా చిన్న కారును లేపేస్తాయి, రెండడుగులుంటే జీపులు కూడా ఆగవు, పైగా చీకట్లో రోడ్డు అంచు ఎక్కడుందో తెలియదు. బ్యాటరీ విప్పి అటక మీద పెట్టి, గేర్‌లో వేసి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వెనక హుక్కుకు తాడేసి వేపచెట్టుకు కట్టాం. ఆర్సీ, పాలసీ కాగితాలు కవర్లో చుట్టుకుని బాపును, పిల్లలను తీసుకుని బడికి వెళ్లిపోయాం.

నీళ్లు తీశాక అసలు పరీక్ష. చూడ్డానికి వచ్చిన ప్రతివాడూ "ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూడరాదే అన్నా" అనేవాడే. తాళం జేబులోంచి తీయలేదు. ఇంజిన్‌లోకి నీళ్లు పోయి ఉంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు గాలి నలిగినట్టు నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీవాళ్లు అది వరద వల్ల కాదు, నువ్వు స్టార్ట్ చేయడం వల్ల అంటారు. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ (ఇంజిన్ కోసం పాలసీకి అదనంగా కొనేది) లేకపోతే దానికి పైసా రాదు. మా వీధిలోనే ఒకాయన జీపు అలాగే పోయింది, సీట్లకు, లైట్లకు డబ్బులు వచ్చాయి కానీ ఇంజిన్ ఖర్చంతా ఆయన నెత్తినే పడింది. థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికే పనికొచ్చే పాలసీ) ఒక్కటే ఉన్నవాళ్లకైతే అదీ లేదు.

బురద కడగకముందే ఫోటోలు తీశాను: తలుపు మీద నీటి గీత, నంబర్ ప్లేటు, మీటరు, ఛాసిస్ నంబరు. బండి కదపకముందే కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకున్నా. దారి తెరిచాక మంచిర్యాల నుంచి టోయింగ్ బండి ప్రాణహిత వంతెన దాటి వచ్చింది. పాలసీలో టోయింగ్‌కు 1,500 రూపాయలే ఇస్తారు, మిగతాది మనమే పెట్టుకోవాలి.

షెడ్డులో సర్వేయర్, అంటే కంపెనీ తరఫున నష్టం లెక్కేసేవాడు, మొట్టమొదట ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత విప్పాడు. కాగితం కింది సగం తడిసి బురద పట్టి ఉంది, పై సగం పొడిగా ఉంది. తర్వాత గేర్‌బాక్స్ ఆయిల్ కొంచెం దింపిస్తే పాల చాయ్ రంగులో వచ్చింది, అంటే నీళ్లు కలిశాయన్నమాట. స్టార్ట్ చేశారా అని మూడు రకాలుగా తిప్పి తిప్పి అడిగాడు, చివరికి లేదని ఫారంలో రాయించుకున్నాడు.

విసుగు పుట్టించింది మాత్రం కాగితాలే. తలాఠీ (మహారాష్ట్రలో ఊరి రెవెన్యూ ఉద్యోగి) రాసిన నష్టం పంచనామా మరాఠీలో ఉంటే తెలంగాణ వైపు ఆఫీసులో ఇంగ్లీషులో కావాలన్నారు, ఇచ్చిన డ్రైవింగ్ లైసెన్సే మళ్లీ మళ్లీ అడిగారు. సరిహద్దులో ఉన్నందుకు ఈ పన్ను ఎప్పుడూ ఉండేదే.

డబ్బు మొత్తం రాదు, అది ముందే తెలుసుకుంటే టెన్షన్ తగ్గుతుంది. నాకు జీరో డెప్ (పాత సామానుకు తరుగు కోయకుండా ఇచ్చే యాడ్ ఆన్) లేదు కాబట్టి రబ్బరు, ప్లాస్టిక్, బ్యాటరీ లాంటి వాటికి సగమే లెక్కేస్తారు, దానిపైన తప్పనిసరిగా కోసేది 1500 సీసీ లోపు కారుకు వెయ్యి, ఆపైన రెండు వేలు. రిపేరు ఖర్చు ఐడీవీలో (పాలసీలో బండికి కట్టిన విలువ) 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్ కింద తీసేస్తారు, మాది అంతదాకా పోలేదు.

ఒక్క విషయం షెడ్డువాళ్లు చెప్పరు. బండి ఇంటికొచ్చిన కొన్ని నెలలకు కిటికీ మోటారు ఆగింది, తర్వాత ఒకవైపు ఇండికేటరు పోయింది, విప్పి చూస్తే కనెక్టర్లలో పచ్చగా చిలుము. క్లెయిమ్ మూసేశాం, ఇక కుదరదన్నారు. అందుకే బండి ఇంకా షెడ్డులో ఉండగానే సీట్లు, కార్పెట్ తీయించి కింద ఉన్న వైరింగ్ జాయింట్లన్నీ విప్పించి, సర్వేయర్ లిస్టులో రాయించండి, రెండు రోజులు ఆలస్యమైనా సరే.