“వాడు కావాలని చేయలేదండీ” అంటే సరిపోదు

సిడ్నీ పశ్చిమ శివార్లలో వెంట్‌వర్త్‌విల్, వెస్ట్‌మీడ్, బ్లాక్‌టౌన్ వైపు స్థిరపడిన మనవాళ్ల పిల్లలకు సోమవారం పొద్దున బళ్లో మొదటి ముచ్చట ఈల్స్ గెలిచిందా, పాంథర్స్ గెలిచిందా అన్నదే. రెండూ ఇక్కడి రగ్బీ లీగ్ జట్లు; సిడ్నీలో ఫుటీ అంటే రగ్బీ లీగే. ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి “నేనూ ఆడతా” అని మొదలుపెడతారు. మన దగ్గర సిద్ధంగా ఉండే జవాబు “క్రికెట్ ఆడుకో నాన్నా” అని. భయం ఉత్తదేం కాదు, ఆటలో ప్రమాదం ఉంది. అయితే ఆ ప్రమాదం ఎక్కడుందో తెలియకుండా వద్దనడమూ, సరే అనేసి బూట్లు కొనివ్వడమూ రెండూ గుడ్డిపనులే.

కబడ్డీ ఎరిగినవాళ్లకు సగం ఆట తెలిసినట్టే. మడమ పట్టడం, తొడ పట్టడం, ఇద్దరు చేతులు కలిపి గొలుసు కట్టడం అన్నీ ఇక్కడా ఉన్నాయి. తేడా వేగంలో ఉంది. కబడ్డీలో రైడర్ ఆచితూచి లోపలికి వస్తాడు. లీగ్‌లో ప్రతి ట్యాకిల్ (బంతి ఉన్నవాడిని పట్టి ఆపడం) తర్వాతా డిఫెన్స్ జట్టు వెనక్కి వెళ్లాలి, పెద్దల ఆటలోనైతే 10 మీటర్లు. తర్వాత రెండు వైపులవాళ్లూ ఒకరి మీదికి ఒకరు పరుగెత్తుకొస్తారు. ఆ రెండు పరుగులూ కలిసే చోట తల ఎక్కడుందన్నదే అసలు సంగతి.

చాలామంది బంతి పట్టుకున్నవాడి గురించే కంగారు పడతారు. పట్టుకోబోయేవాడి తలకూ అంతే ముప్పు. సరైన ట్యాకిల్‌ను దగ్గరగా చూడండి. పిల్లవాడు చూపు ఎదుటివాడి నడుము మీద నిలుపుతాడు, గడ్డం పైకే ఉంటుంది. ముందు కాలు ఎదుటివాడి పాదాలకు బాగా దగ్గరగా పడుతుంది. భుజం తొడకో నడుముకో తగులుతుంది. చెంప వెళ్లి ఎదుటివాడి పిరుదుకు ఆనుకుంటుంది, అంటే తల ఎప్పుడూ పక్కకో వెనక్కో ఉంటుంది. చేతులు రెండూ చుట్టేసి బిగిస్తాయి, కాళ్లు తోస్తూనే ఉంటాయి, పడేటప్పుడు తాను పైన పడతాడు. ఇందులో చెడేది ఎక్కువగా ఒకే చోట. భయం వేసినవాడు చివరి అడుగు వేయకుండా దూరం నుంచే వంగి, కళ్లు మూసుకుని తల దించేస్తాడు. తల ఎదుటివాడి కాళ్ల ముందుకు వచ్చి మోకాలో తుంటో కణతకు తగులుతుంది. మీ పిల్లవాడు సన్నగా ఉన్నాడని బెంగపడే బదులు ఆ చివరి అడుగు వేస్తున్నాడా లేదా చూడండి. వేయకపోతే కోచ్‌తో చెప్పి కొన్ని వారాలు మ్యాచ్ మాన్పించి ప్యాడ్ల మీద సాధన చేయించడం మేలు.

న్యూ సౌత్ వేల్స్ జూనియర్ ఆటలో 15 ఏళ్ల వరకు సేఫ్‌ప్లే కోడ్ అనే భద్రతా నియమావళి వర్తిస్తుంది. దాని ప్రకారం చంకల కన్నా పైన పట్టకూడదు. ఎత్తడం, గిరగిరా తిప్పి విసరడం నిషేధం. బంతి ఉన్నవాడు కూడా ఎదుటివాడి మొహం మీద అరచెయ్యి పెట్టి తొయ్యకూడదు. టీవీలో మెచ్చుకునే విన్యాసాల్లో చాలా భాగం పిల్లల ఆటలో తప్పే. శనివారం రాత్రి మ్యాచ్ చూపిస్తూ “ఇది నీ ఆటలో కుదరదు” అని పక్కనుంచి ఒక మాట వేయడం మంచిది.

ఎత్తి పడేసే ట్యాకిల్ ఎందుకంత ఘోరమో చెప్పడానికి 2014 మార్చి చాలు. మెల్‌బోర్న్‌లో స్టార్మ్ జట్టుతో ఆడుతున్న న్యూకాజిల్ ఆటగాడు అలెక్స్ మెకినన్‌ను ముగ్గురు పట్టుకున్నారు. కాళ్లు పైకి లేచాయి, బరువంతా తల, మెడ మీద పడింది. మెడలోని సీ4, సీ5 వెన్నుపూసలు విరిగాయి. ఆట పోయింది, చక్రాల కుర్చీ వచ్చింది. ఆ ముగ్గురిలో ఒకడైన జోర్డన్ మెక్‌లీన్‌కు 7 మ్యాచ్‌ల సస్పెన్షన్ పడింది. ముగ్గురిలో ఎవరూ మెడ విరవాలనుకోలేదు. ఒకడు పైన బిగించి పట్టి ఉండగా మరొకడు తొడల మధ్య చెయ్యి వేసి లేపితే చాలు, నడుము నేలకు సమాంతరం దాటిపోతుంది. దాటాక పడేవాడిని ఎవరూ ఆపలేరు. అందుకే పిల్లలకు నేర్పే సూత్రం చిన్నది: కాళ్లు నేల వదిలాయా, వెంటనే నెమ్మదిగా దించు.

మిగతా ప్రమాదకరమైన ట్యాకిల్స్ క్లుప్తంగా. క్రషర్ అంటే వంగి ఉన్నవాడి మెడ వెనక బరువు వేసి గడ్డాన్ని ఛాతీకి నొక్కేయడం. హిప్ డ్రాప్ అంటే వెనకనుంచి పైభాగం పట్టుకుని, నడుము తిప్పి, తన బరువంతా ఎదుటివాడి పిక్కల మీదో మడమ మీదో పడేయడం. చీలమండ, మోకాలు లిగమెంట్లు దీంతో తెగవచ్చు. చేతులు చుట్టకుండా భుజంతో గుద్దే షోల్డర్ చార్జ్‌ను ఎన్ఆర్ఎల్‌లో (ఆస్ట్రేలియాలో పెద్దల ప్రధాన లీగ్) 2013 నుంచి నిషేధించారు.

ఇక శిక్షలు. రిఫరీ తల పైన చేతులు అడ్డంగా పెడితే సంఘటన రిపోర్టుకు, అంటే మ్యాచ్ తర్వాత పరిశీలనకు వెళ్లినట్టు. పది వేళ్లూ చూపితే సిన్ బిన్: పెద్దల ఆటలో 10 నిమిషాలు బయట, జట్టు 12 మందితో ఆడాలి. కబడ్డీలో పసుపు కార్డుకు 2 నిమిషాలే. దీనికి మించినది సెండాఫ్, అంటే ఆట ముగిసేదాకా బయటే. 2021 మే నెలలో ఎన్ఆర్ఎల్ జట్లన్నీ ఒకే మైదానంలో ఆడిన మ్యాజిక్ రౌండ్‌లో తలకు తగిలిన ప్రతి దెబ్బనూ కఠినంగా చూడడంతో ఒక్క వారాంతంలోనే 14 మంది సిన్ బిన్‌కు, ముగ్గురు పూర్తిగా బయటికి వెళ్లారు. అతి చేశారని గోల లేచింది. నా లెక్కలో ఆ గోలకన్నా ఆ కఠినత్వమే నయం.

మనవాళ్లు చిక్కుకునేది ఇక్కడే. పిల్లవాడు సెండాఫ్ అయి జ్యుడీషియరీ (శిక్ష తేల్చే విచారణ సంఘం) ముందుకు వెళ్లాల్సి వస్తే, ఇంటి పరువు పోయినట్టు భావించి “వాడు కావాలని చేయలేదండీ” అని వాదనకు దిగుతారు. ఆ మాట అక్కడ చెల్లదు. హై ట్యాకిల్ (తలకో మెడకో తగిలేది) అభియోగాల్లో అజాగ్రత్త, తెగింపు, ఉద్దేశపూర్వకం అని మూడు మెట్లు. మొదటి మెట్టు కావాలని చేయనివాళ్ల కోసమే పుట్టింది. “ఎదుటివాడు వంగాడు” అన్నది తీవ్రత తగ్గించవచ్చు. తలకు తగలకుండా చూసుకునే బాధ్యత మాత్రం పట్టుకునేవాడిదే. క్లబ్ ప్రతినిధిని వెంటబెట్టుకుని వెళ్లండి, వీడియో ఉంటే ముందే చూడండి, తప్పు కనబడితే ఒప్పుకోమనండి. ఇంట్లో మాత్రం రెండు వారాలు సాధింపులు వద్దు. సస్పెన్షన్ మార్కుల కార్డు కాదు, హైదరాబాద్‌కు ఫోన్ చేసి చెప్పాల్సినంత విషయమూ కాదు.

సాధింపులకు భయపడే పిల్లలు తలనొప్పిని కూడా దాస్తారు. “చెబితే అమ్మ ఆట మాన్పిస్తుంది” అన్న లెక్క ఉన్న ఇంట్లో కంకషన్ (దెబ్బకు మెదడు అదరడం) బయటపడదు. చెప్పినందుకు ఆట పోదని సీజన్ మొదట్లోనే మాట ఇవ్వండి.

పిల్లవాడు పడి లేవకపోతే మన చేతులు ముందు లేపి కూర్చోబెట్టడానికి, నీళ్లు పట్టడానికి పోతాయి. రెండూ వద్దు. మెడ నొప్పి, చేతులు కాళ్లలో తిమ్మిరి, మాటిమాటికీ వాంతి, ఫిట్స్, ఒకటి రెండుగా కనబడడం, పెరుగుతున్న తలనొప్పి, స్పృహ తప్పడం: ఏ ఒక్కటున్నా కదిలించకుండా అత్యవసర నంబరు 000కి ఫోన్. హెడ్‌గేర్ లాగకండి. అది గాట్లు తగ్గిస్తుందే గాని కంకషన్ ఆపదు. ఇంటికొచ్చాక మెడ పట్టేసిందని అమ్మమ్మ మర్దనకు కూర్చోబెట్టకుండా చూసుకోండి.

కంకషన్ అనుమానం ఉన్నా ఆ రోజు మళ్లీ ఆడించకూడదు. 2024లో ఆస్ట్రేలియా అంతటికీ విడుదలైన మార్గదర్శకాల ప్రకారం 19 ఏళ్లలోపు వాళ్లకు రెండు లెక్కలున్నాయి: లక్షణాలు పోయాక 14 రోజులు గడిస్తేనే ఒంటికి ఒళ్లు తగిలే సాధన, దెబ్బ తగిలిన రోజు నుంచి కనీసం 21 రోజులకు మ్యాచ్. శనివారం దెబ్బ తగిలి నాలుగో రోజు, బుధవారానికి తేరుకున్నాడనుకోండి. పద్దెనిమిదో రోజు సాధన, డాక్టర్ ఒప్పుకుంటే మూడో శనివారం మ్యాచ్. అదే పదో రోజు, మంగళవారం దాకా తలనొప్పి ఉంటే సాధన ఇరవైనాలుగో రోజుకు, మ్యాచ్ నాలుగో శనివారానికి జరుగుతాయి. మొదటి ఒకటి రెండు రోజులు ఫోన్, ఐప్యాడ్ తగ్గించండి. ఆ తర్వాత మెల్లగా నడక, పిమ్మట బడి, ఆటలు అన్నిటికన్నా చివర. ఆదివారం తెలుగు బడి కూడా ఈ లెక్కలోకే వస్తుంది: గుణింతాలు దిద్దడం తలకు పనే. టీచరుగారికి ముందే ఒక మెసేజ్ పెట్టండి.