చిలుకలగుట్ట దారిలో

మా నాటకంలో, కాకతీయ సేనతో పోరాడి దేవతైన సమ్మక్క వేషం నాకు దక్కిన రోజు హాస్టల్లో అందరికీ మిర్చి బజ్జీలు కొనిపెట్టాను. రెండు వారాల రిహార్సళ్లు గడిచేసరికి ఆ డబ్బులు వెనక్కి వస్తే బాగుండుననిపించింది. యుద్ధం వరకు ఇబ్బంది లేదు, అరవడం నాకు వచ్చు. చివరి ఘట్టమే కుదరలేదు. వెనుక నుంచి బల్లెపు పోటు తిన్న సమ్మక్క కింద పడదు. చిలుకలగుట్ట వైపు నడిచి వెళ్లిపోతుంది. వెతుక్కుంటూ వెళ్లినవాళ్లకు కుంకుమ భరిణె మాత్రమే కనిపిస్తుంది.

నా నడక చూసి, "విగ్రహం ఊరేగింపుకు బయలుదేరినట్టుంది" అన్నారు మా సార్. సమ్మక్కను కొలిచే మేడారంలో అసలు విగ్రహమే లేదు కదా సార్ అన్నాను. "అయితే వెళ్లి చూసిరా" అన్నారు.

ఆదివారం హనుమకొండలో బస్సెక్కాను. ములుగు దగ్గర గట్టమ్మ గుడి రాగానే పక్క సీటు పెద్దాయన దండం పెట్టుకుని, నేను పెట్టలేదని నా వంతు కూడా పెట్టేశారు. పస్రా దాటాక అడవి, తాడ్వాయి, మళ్లీ అడవి.

చిన్నప్పుడు జాతరలో నాన్న భుజాల మీదినుంచి చూసిన మేడారమంటే తలలు, దుమ్ము, గాలిలో ఎగిరే బెల్లం ముక్కలు. మాఘం కాని మేడారం ఇదే మొదటిసారి. అమ్మవార్ల గద్దెల దగ్గర పదిమంది కూడా లేరు. నాటకం బాగా వస్తే నిలువెత్తు బంగారం, అంటే నా బరువంత బెల్లం, ఇస్తానని మొక్కబోయి, నా బరువు గుర్తొచ్చి అరకిలో బెల్లంతో సరిపెట్టాను. జంపన్న వాగులో నీళ్లు మోకాలి లోతు లేవు. ఒకప్పటి సంపెంగ వాగు ఇదే, సమ్మక్క కొడుకు జంపన్న ఇందులో ప్రాణం వదిలాక పేరు మారింది. ఆ వాగులో కొడుకును పోగొట్టుకున్న తల్లిని నేనింతకాలం గొంతు చించుకునే సేనానిలా ఆడుతున్నాను.

గుట్ట మీదికి పూజారులు తప్ప ఎవరూ పోకూడదన్నారు. దూరంగా దారిలోనే, ఒక చెయ్యి వెన్నుకు ఆనించి నడక సాధన మొదలుపెట్టాను. మేకలు కాస్తున్న ఒక అవ్వ కాసేపు చూసింది.

"నడుము పట్టేసిందా బిడ్డా?"

అవునన్నాను.

"అబద్ధం. వెన్నులో నొప్పి ఉంటే మెడ అంత సులువుగా తిరగదు."

అప్పుడే ఒక మేక పక్క పొదలోకి దూరింది. దాన్ని అదిలించడానికి అవ్వ తల తిప్పలేదు. పాదాలు కదిపి, ఒళ్లంతా ఒక్క కొయ్యలా తిప్పింది. ఎన్నాళ్ల నొప్పో మరి. అడుగుదామనుకునేలోపే మేక వెంట వెళ్లిపోయింది. గంటసేపు నేనూ అలాగే తిరిగాను. రాని మేకలను కూడా అదిలించాను.

తిరుగు బస్సులో సీటుకు వీపు ఆనించలేదు. తాడ్వాయి దాటాక నిజంగానే నొప్పి మొదలైంది. వెనుక నుంచి కండక్టర్ జీరో టికెట్టుకు ఆధార్ కార్డు చూపించమన్నారు. భుజాలు, నడుము, మోకాళ్లతో సహా మొత్తంగా ఆయన వైపు తిరిగాను.

"మెడ పట్టేసిందా అమ్మా?"

లేదన్నాను. ఆయన నమ్మలేదు.