శివరాత్రి దాటాక ముల్లంగి

ఆదివారం.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ సంగతి మా మేడ మీది ముల్లంగికి మనకన్నా ముందే తెలిసిపోతుంది. మొన్నటిదాకా మట్టికి అంటుకుని పరుచుకున్న ఆకుల మధ్యలోంచి పొద్దున చూస్తే వేలెడంత కాడ లేచి ఉంది. పూతకొస్తోందన్నమాట. ఇక ఆ గడ్డ ఊరదు. దాచుకున్నదంతా పువ్వుకూ గింజకూ పెట్టేసి, లోపల బెండు మిగుల్చుకుంటుంది. అందుకే ఇవాళ పేపరు కూడా చూడకుండా పీకుడు కార్యక్రమం పెట్టుకున్నాను.

ఇవి సంక్రాంతి ముందు వేసిన జపనీస్ వైట్ రకం. ఎక్కువ భాగం బాగానే దిగాయి. ఒకటి మాత్రం మధ్యలో చీలి రెండు కాళ్లతో వచ్చింది, ప్యాంటేసుకుందని పాప ఒకటే నవ్వు. తల్లివేరుకి రాయో, సరిగా మాగని పేడ ఉండో అడ్డం తగిలితే ఇలా చీలుతుంది. ముల్లంగికి నారు పోసి నాటడం పనికిరాదనేది కూడా ఇందుకే. గింజ ఎక్కడ వేస్తే గడ్డ అక్కడే ఊరాలి. సెంటీమీటరు లోతులో వేసి, మొలిచాక బెత్తెడు దూరానికొకటి ఉంచి మిగతావి లాగేయాలి. లాగేసినవి పప్పులోకి. ఆ లాగడానికి మా ఇంట్లో ఎవరికీ చేతులు రావు, అది వేరే గొడవ.

కడిగిన గడ్డని అమ్మ చక్రాలుగా కోసి, ఉప్పద్దుకుని ఒక ముక్క నోట్లో వేసుకుంది.

"గింత మంటుందేంది బిడ్డా? సంక్రాంతప్పుడు తిన్నది తియ్యగుండె గదా."

నిజమే, అప్పుడు మా హైదరాబాద్ ఎర్రగడ్డ రైతు బజార్‌లో కొన్న కట్ట కమ్మగా ఉంది. ఘాటంతా ఎండ పని. ముల్లంగి ఆవాల కుటుంబంలోది. ఘాటుకి కావలసిన సరుకుని ఒకచోట, దాన్ని విడగొట్టే ఎంజైముని ఇంకోచోట దాచుకుంటుంది. కత్తి పడ్డప్పుడో, పంటి కింద నలిగినప్పుడో రెండూ కలిసి, ఆవపిండి నూరినప్పుడు ముక్కుకెక్కే ఘాటే పుడుతుంది. వేడిలో పెరిగిన గడ్డకి ఇది ఎక్కువ. తొక్కలో మరీ ఎక్కువ కాబట్టి చెక్కు కాస్త మందంగా తీస్తే సగం గొడవ వదులుతుంది. ఉడికిస్తే ఆ ఎంజైము చచ్చిపోతుంది, ఇక కొత్తగా ఘాటు పుట్టదు. ముల్లంగి పులుసు అంత సాధువుగా ఉండేది అందుకే. ఇదంతా అమ్మకి చెప్పబోతే, "పులుసు పెడతా తియ్ మరి" అని గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

ముల్లంగి పెంపకం మీద ఫోన్‌లో ఏ వీడియో పెట్టినా చలిదేశపు వాళ్లే కనబడతారు. చివరి మంచు ఎప్పుడు పడుతుందో లెక్కేసుకుని విత్తండి అంటారు. హైదరాబాద్‌లో ఏ మంచు లెక్కేసుకోవాలి? ఇక్కడ రికార్డయిన అతి తక్కువ ఉష్ణోగ్రతే 6.1 డిగ్రీలు, అదీ 1946 జనవరిలో. నీళ్లు గడ్డకట్టే చలి ఈ ఊరు చూడలేదు. వాళ్ల భయం చలితో, మనది ఎండతో. ముల్లంగి గడ్డ కమ్మగా ఊరేది పది నుంచి పదిహేను డిగ్రీల మధ్య. మనకి ఆ చల్లదనం దొరికేది పుష్యమాసపు రాత్రుళ్లలోనే, అదీ తెల్లారేదాకా. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో గడ్డ కోసం కూర్చోవడం నా దృష్టిలో మొండితనం. దసరా నుంచి సంక్రాంతి లోపల వేసుకున్నవాళ్లకి ఏ తెలివీ అక్కర్లేదు, నీళ్లు పోస్తే చాలు.

మేడ మీద ఇంకో చిక్కుంది. పొలంలో వేడి పైనుంచే వస్తుంది. ఇక్కడ కింద స్లాబు కాలుతుంది, మట్టి నింపిన గ్రో బ్యాగు పక్కల నుంచి కాలుతుంది. మధ్యాహ్నం పూట బ్యాగు లోపలికి వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది, గోరువెచ్చగా ఉంటుంది. అందుకని బ్యాగులన్నీ ఇటుకల మీదకి ఎక్కించి, వాటర్ ట్యాంకు నీడ మధ్యాహ్నానికి ఎటు పడుతుందో అటు జరిపాను. పైన ఎండుటాకులు పరిచాను. నీళ్లు మాత్రం తప్పకూడదు. రెండు రోజులు ఎండబెట్టి మూడోరోజు బకెట్టు కుమ్మరిస్తే గడ్డ నిలువునా పగులుతుంది.

ఖాళీ అయిన బ్యాగుల్లో పూసా చేత్కీ వేశాను. ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ రకం, ఎండ తట్టుకుంటుంది. మార్చి నుంచి ఆగస్టు దాకా విత్తుకోవచ్చు, 40, 45 రోజుల్లో తీసేయొచ్చు. ఎర్రగా గోళీల్లా ఉండే విదేశీ రకాలు సూపర్ మార్కెట్లో ముద్దొస్తాయి గానీ ఈ నెలల్లో వాటి మీద డబ్బులు పెట్టను. ఒక సుఖం ఉంది, మన ఆసియా రకాలు మైదానాల్లోనే పూసి గింజ పడతాయి. ఐరోపా రకాలకి ముందు గట్టి చలి తగలాలి, అందుకే వాటి విత్తనం కులూ లోయ లాంటి కొండ ప్రాంతాల్లో తీస్తారు.

పూతకొచ్చిన మొక్కలన్నీ పీకేద్దామనే పైకెక్కాను. బట్టలారేయడానికి వచ్చిన పక్క ఫ్లాట్ మార్వాడీ భాభీ "మత్ నికాలో" అని దాదాపు అరిచింది. వాళ్ల వైపు ముల్లంగి కాయల్ని మోగ్రీ అంటారు, కూర చేసుకుంటారు. పోయిన ఏడాది ఒక గిన్నెడు పంపింది. లేత కాయలు, కరకరలాడుతూ, గడ్డలో ఉన్న ఘాటులో సగం. గడ్డ కన్నా నాకు అదే నచ్చింది, అమ్మ వినేలా అనను గానీ. సరే, ఒక బ్యాగు వదిలేశాను. ఒక్క మొక్కే ఉంచితే లాభం లేదు, ముల్లంగి పువ్వుకి ఇంకో మొక్క పుప్పొడి కావాలి, తేనెటీగలు మోసుకురావాలి. నాలుగు రేకుల పువ్వులు, తెలుపులో కొద్దిగా వంగపండు రంగు. పూతతోపాటే పేనుబంక కూడా వస్తుంది. తేనెటీగలు తిరిగే వేళ కాకుండా సాయంత్రం వేపనూనె కొట్టాలి. ముదిరిన కాయలు ఆవాల కాయల్లా పేలి గింజలు రాల్చవు, ఎండాక నలిపి తీసుకోవాల్సిందే. కాబట్టి ఆఫీసు హడావిడిలో ఒక వారం మర్చిపోయినా విత్తనం ఎటూ పోదు.

మధ్యాహ్నం పులుసుతోపాటు ఆకు వేసి పెసరపప్పు. బజార్‌లో అమ్మేవాళ్లు ఆకు తుంచి పక్కన పారేస్తుంటే అమ్మకి కోపం వస్తుంది, అడిగి మరీ సంచిలో వేయించుకుంటుంది. "గీ ఎండల గడ్డ ఊరకుంటే ఏంది, ఆకు ఊకెనే వస్తది గదా" అంటుంది. మూడు వారాలకే కోతకొచ్చే ఆకుకూర ఇంకేం కావాలి? చేత్కీ ఒక బ్యాగులో ఒత్తుగా చల్లింది కూడా ఆకు కోసమే. ముల్లంగి ఉడికే వాసన లిఫ్ట్ దాకా వెళ్లిందట. పై అంతస్తు అంకుల్ వాట్సాప్ గ్రూపులో గ్యాస్ లీకేజీ ఏమైనా ఉందా అని అడిగారు. ఎవరూ జవాబివ్వలేదు, నేనూ ఇవ్వలేదు. సాయంత్రం పాప చేత ఆయనకి రెండు గడ్డలు పంపాను.

నీడకి గ్రీన్ నెట్ కట్టడానికి వాచ్‌మన్ అన్న వచ్చే ఆదివారం వస్తానన్నాడు. పడమటి వైపు చాలంటాడు ఆయన, పైన కూడా కావాలంటాను నేను. గుడ్డ ధర కనుక్కుని తేల్చుకోవాలి. అప్పటిదాకా కొత్తగా వేసిన బ్యాగుల మీద అమ్మ పాత కాటన్ చీర కట్టాను. ఏ చీరో ఆమె ఇంకా చూడలేదు.