40 టీబీ షేర్‌ను నేరుగా టేపుకెక్కించడం: నా అనుభవం

తిరుపతిలో మేం చూసుకునే ఫైల్ సర్వర్‌లో 40 టీబీ దాకా ఉంది. ఎక్కువ భాగం స్కాన్ చేసిన పేజీల టిఫ్ ఫైళ్లు. మిగిలినవి ఓసీఆర్ (బొమ్మలోంచి అక్షరాలు గుర్తించి తీసిన) టెక్స్టు, థంబ్‌నెయిళ్లు, ఆఫీసు కాగితాలు. సైజు తక్కువ, సంఖ్య లక్షల్లో. బ్యాకప్ కోసం ఇంకో డిస్క్ సర్వర్ కొనే బడ్జెట్ లేదు కాబట్టి షేర్‌ను (సర్వర్‌లో అందరూ వాడే ఫోల్డర్‌ను) బ్యాకప్ మెషీన్‌లో మౌంట్ చేసి, అంటే దాని సొంత ఫోల్డర్‌లా కనిపించేలా తగిలించి, నేరుగా ఎల్‌టీఓ-8 (బ్యాకప్‌కు వాడే మాగ్నెటిక్ టేపుల్లో ఎనిమిదో తరం) టేపుకు రాయాలనుకున్నాం. టేపు అంటే నెమ్మది అనే మాట చాలామంది నోట వింటాం. ఈ పనిలో వెనకబడేది టేపు కాదు, దానికి డేటా అందించే షేరు.

హాఫ్ హైట్ ఎల్‌టీఓ-8 డ్రైవ్ సెకనుకు 300 ఎంబీ రాస్తుంది. గిగాబిట్ లైన్‌లో ఎంత లాగినా 110, 115. ఆ లెక్కన 40 టీబీకి నాలుగు రోజులు. ఆలస్యం ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. కానీ డ్రైవ్ తన వేగాన్ని ఒక హద్దు వరకే తగ్గించుకోగలదు. మా డ్రైవ్‌కు అది 110 దరిదాపుల్లో ఉంది. డేటా అంతకన్నా నెమ్మదిగా వస్తే టేపును ఆపి, కాస్త వెనక్కి చుట్టి, మళ్లీ వేగం అందుకుని, ఆగిన చోటి నుంచి రాస్తుంది. దీన్నే షూ షైనింగ్ అంటారు. చూడక్కర్లేదు, చెవికే తెలుస్తుంది: ఒకే ధాటిగా వచ్చే హోరు పోయి, ఆగడం, గిర్రుమనడం, మళ్లీ ఆగడం. హెడ్డూ (టేపు మీద రాసే, చదివే భాగం) టేపూ రెండూ అరుగుతాయి. అందుకే సర్వర్‌కూ బ్యాకప్ మెషీన్‌కూ చెరో 10 గిగాబిట్ కార్డు పెట్టి, మధ్యలో డీఏసీ (రెండు కార్డులను నేరుగా కలిపే రాగి) కేబుల్ వేశాం. రెండు మెషీన్లే కాబట్టి స్విచ్ అక్కర్లేదు.

డ్రైవ్‌ను రెయిడ్ కార్డుకు (పలు డిస్కులను ఒకటిగా నడిపేదానికి) తగిలించకండి. మామూలు ఎస్‌ఏఎస్ హెచ్‌బీఏ (డ్రైవ్‌ను మెషీన్‌కు కలిపే కార్డు) కావాలి. కేబుల్ కనెక్టర్ మా కార్డు వైపు ఎస్‌ఎఫ్‌ఎఫ్-8644, డ్రైవ్ వైపు ఎస్‌ఎఫ్‌ఎఫ్-8088. కేబుల్ ఆర్డర్ పెట్టేముందు రెండు చివరలూ చూసుకోవాలి.

జనం పని చేసుకుంటున్న షేర్‌ను అలాగే చదివితే, చదువుతుండగానే ఫైల్ మారిందని టార్ (ఫైళ్లను ఒకే ఆర్కైవ్‌గా మూటకట్టే ప్రోగ్రామ్) గోల పెడుతుంది. సర్వర్‌లో స్నాప్‌షాట్ (ఆ క్షణానికి షేర్ ఎలా ఉందో అలా నిలిపి ఉంచిన కాపీ) తీసి, దాన్నే రీడ్-ఓన్లీగా ఎన్‌ఎఫ్‌ఎస్‌లో (నెట్‌వర్క్ మీద ఫోల్డర్లు పంచుకునే పద్ధతిలో) మౌంట్ చేయడం మేలు. ఆర్‌సైజ్ (ఒక్కో విడతలో చదివే బైట్లు) 1048576. మౌంట్ తప్పనిసరిగా హార్డ్, అంటే సర్వర్ జవాబిచ్చేదాకా ఆగేది. సాఫ్ట్ పెడితే నెట్‌వర్క్ కాసేపు తడబడగానే రీడ్ ఎర్రర్ వస్తుంది, టార్ ఆ ఫైల్‌లో మిగిలిన భాగాన్ని సున్నాలతో నింపి తర్వాతి ఫైల్‌కు వెళ్లిపోతుంది. టేపు మీద ఫైల్ సైజు సరిగ్గానే కనిపిస్తుంది, లోపల సగం ఉండదు. చివర్లో ఎగ్జిట్ కోడ్ 2 (ఎర్రర్ వచ్చిందని టార్ చెప్పే అంకె) వస్తే ఆ లాగ్ చదవకుండా టేపు బయటికి తీయొద్దు.

టార్‌కూ టేపుకూ మధ్య ఎంబఫర్ (డేటాను ర్యామ్‌లో కాసేపు పోగుచేసి పంపే ప్రోగ్రామ్) పెట్టాలి. మేం ఇచ్చింది 16 జీబీ ర్యామ్, 80 శాతం నిండాకే రాయడం మొదలుపెట్టమని, బ్లాక్ (టేపుకు ఒక్కసారి రాసే ముక్క) 1 ఎంబీ. టిఫ్‌ల దగ్గర బఫర్ ఎప్పుడూ నిండుగానే ఉండేది. చిన్న ఫైళ్ల ఫోల్డర్‌లోకి వెళ్లగానే డేటా వచ్చే వేగం సెకనుకు 24 ఎంబీకి పడిపోయింది. పల్లెవెలుగు బస్సు ప్రతి స్టాపులో ఆగినట్టు, ప్రతి ఫైల్ దగ్గరా తెరవడం, చదవడం, మూయడం, ప్రతిదానికీ నెట్‌వర్క్ మీద ఓ రాకపోక. 10 గిగాబిట్ వేసినా ఇది తగ్గదు. బఫర్ కూడా సగటు వేగాన్ని పెంచదు, ఆగడాల సంఖ్యను మాత్రం తగ్గిస్తుంది: దాదాపు 9 నిమిషాలు నింపుకుని, ముప్పావు నిమిషం రాసి, మళ్లీ ఆగుతుంది. నిమిషానికి నాలుగైదు సార్లు ఆగడంతో పోలిస్తే డ్రైవ్‌కు ఇది చాలా నయం. అయినా ఆ ఫోల్డర్లను మేం నేరుగా రాయడం మానేశాం. ఎనిమిది కాపీలు ఒకేసారి నడిపి 500 జీబీ చొప్పున బ్యాకప్ మెషీన్‌లోని ఎన్‌వీఎంఈకి (వేగమైన ఎస్‌ఎస్‌డీ డిస్కుకు) తెచ్చి, అక్కడి నుంచి టేపుకు పంపాం. రెండు ఎన్‌వీఎంఈలు ఉంటే ఒకటి నిండుతుండగా ఇంకోటి ఖాళీ అవుతుంది. పేరుకు 'నేరుగా టేపుకు' అయినా, ఈ పదో వంతు డేటాకు మధ్యలో మజిలీ తప్పలేదు.

పెట్టె మీద 30 టీబీ అని రాసి ఉంటుంది. అది 2.5 రెట్ల కంప్రెషన్ లెక్క. నమ్మాల్సింది 12 టీబీనే, మేం టేపుకు 11 మించనివ్వలేదు. ఒకే పెద్ద ఆర్కైవ్‌ను నాలుగు టేపుల మీదుగా సాగదీయొచ్చు, కానీ ఒకటి పాడైతే వెనకున్నవాటిని సరిగ్గా విప్పడం తలనొప్పి. అందుకే ఏ టేపుకు ఆ టేపు విడిగా, దాంట్లో ఫోల్డర్‌కో టార్. దీనికి, లినక్స్‌లో టేపు డ్రైవ్‌కున్న రెండు పేర్లలో, ఎన్‌ఎస్‌టీ0 వాడాలి. ఎస్‌టీ0 వాడితే ఒక టార్ ముగియగానే టేపు మొదటికి చుట్టుకుంటుంది, రెండోది మొదటిదాని మీదే పడుతుంది. ఏ ఫోల్డర్ ఎన్నో నంబరులో ఉందో లిస్టు తీసి టేపుల బయట ఇంకోచోట కూడా దాచుకోవాలి.

రాసిన వెంటనే చదివి సరిచూసుకునే హెడ్లు డ్రైవ్‌లోనే ఉంటాయి. కాబట్టి టేపు మీద పడింది సరిగా పడిందా అన్న బెంగ తక్కువ. నెట్‌వర్క్ దాటి వచ్చింది సరైనదేనా అన్నది డ్రైవ్‌కు తెలియదు. సర్వర్ దగ్గరే షా-256 (ఫైల్‌లో ఉన్నదాన్ని బట్టి లెక్కగట్టే వేలిముద్ర లాంటి అంకె) లిస్టు తీసి, టేపు నుంచి విప్పిన ఫైళ్లతో పోల్చాలి. నిండు టేపు చదవడానికి 11 గంటలు పడుతుంది, రాత్రికి వదిలేయడమే.

ఇంకో మెషీన్‌లో చదవబోతే 'మెమరీ కేటాయించలేం' అని ఎర్రర్ రావచ్చు. ర్యామ్‌తో పని లేదు. టేపు మీద 1 ఎంబీ బ్లాకులుంటే, టార్ తన మామూలు 10 కేబీతో చదవబోతోంది. బ్లాక్ ఫ్యాక్టర్ (512 బైట్ల ముక్కలు ఎన్ని అన్నది) 2048 ఇవ్వాలి. ఆ అంకెను ప్రతి టేపు లేబుల్ మీదా రాశాం.

టేపుల రెండో సెట్ చిత్తూరులో ఉంటుంది. మేలో మధ్యాహ్నం పూట టేపులను కారులో పెట్టి తీసుకెళ్లకూడదు, ఆపి ఉంచిన కారు డ్యాష్‌బోర్డు మీద అసలే వద్దు. తెల్లవారుజామునే బయల్దేరాలి, నిలువుగా, పెట్టెల్లోనే ఉంచాలి. ఏళ్ల తరబడి దాచేవాటికి 16 నుంచి 25 డిగ్రీలు, తేమ 50 శాతం లోపు ఉండాలి. నవంబరు వానల్లో ఏసీ ఆపేస్తే టేపులున్న గదిలో తేమ ఆ హద్దు దాటిపోతుంది కాబట్టి 300 రూపాయల హైగ్రోమీటర్ ఒకటి బీరువాలో పెట్టాం. వెనక్కి తెచ్చిన టేపును 24 గంటలు సర్వర్ గదిలో ఉంచాకే డ్రైవ్‌లో పెట్టాలి.