ఇల్లు రోడ్డు మీదే ఉంది

పెళ్ళిచూపులకి వెళ్ళొచ్చినవాళ్ళు ఏం చెప్పారన్నదాని కన్నా ఏం చెప్పకుండా వదిలేశారన్నది వినాలి. మా బరంపురం తెలుగిళ్ళలో ఈ విద్య ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తుంది. దానికో శాస్త్రం ఉందని మాత్రం భాషాశాస్త్రం చదివేదాకా నాకు తెలీదు.

మొన్న మా పిన్ని ఇచ్ఛాపురంలో ఒక సంబంధం చూసొచ్చింది. "అబ్బాయి ఎలా ఉన్నాడు పిన్నీ?" అంటే, గుమ్మంలో చెప్పులు విప్పుతూ, "ఇల్లు రోడ్డు మీదే ఉందే. బస్సు దిగితే రెండడుగులు. నీళ్ళకి ఇబ్బంది లేదు" అంది. అంతే, కాఫీ అడిగింది.

ఆ సంబంధం అక్కడితో సరి అని నాకు అర్థమైపోయింది. పక్కింటి ఒడియా మావుసికీ అర్థమైంది, "అయ్యో" అంది. బెంగళూరులో పెరిగిన మా మేనల్లుడు మాత్రం "ఇంకేం, ఖాయం చేసేయండి" అన్నాడు. తెలుగు వాడి మాతృభాష, ఆవిడది కాదు. కానీ ఏళ్ళ తరబడి మా వీధి పెళ్ళి కబుర్లు విన్న చెవులు ఆవిడవి.

పాల్ గ్రైస్ అనే బ్రిటిష్ తత్త్వవేత్త 1967లో హార్వర్డ్ ఉపన్యాసాల్లో ఈ కిటుకే విప్పాడు, 1975లో అచ్చయింది. ఎదుటివాళ్ళు సరిపడా చెబుతారు, నిజమే చెబుతారు, అడిగినదానికి సంబంధించిందే చెబుతారు, తేటగా చెబుతారు అన్న నమ్మకంతో వింటామట. పైకి అది తప్పినట్టు కనబడితే, ఎందుకు తప్పారా అని మనమే వెతుక్కుంటాం. ఆయన ఉదాహరణ: తత్త్వశాస్త్ర ఉద్యోగానికి శిష్యుడి గురించి గురువు రాసిన ఉత్తరం. ఇంగ్లీషు బాగా వచ్చు, క్లాసులకి సక్రమంగా వచ్చేవాడు. ఇంతే! అచ్చం మా పిన్నే.

ఇంకో సంగతి నాకు మరీ ఇష్టం. ఇలా స్ఫురించే అర్థాన్ని, అన్న మాట వెనక్కి తీసుకోకుండానే రద్దు చేయొచ్చు. "ఇల్లు రోడ్డు మీదే, అబ్బాయీ బంగారం" అని ఉంటే పేచీయే లేదు. రేపు మధ్యవర్తి నిలదీసినా, "నేనేమన్నాను? ఇంటిని మెచ్చుకున్నాను" అని తప్పించుకోవచ్చు.

ఇక అవతలివాళ్ళకి కబురు పంపాలి. పెనెలోపి బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ 1978లో మర్యాద గురించి రాస్తూ తమిళుల మాటతీరునూ పరిశీలించారు. ఎదుటివాళ్ళ పరువు పోకుండా మాట్లాడడమే వాళ్ళ లెక్కలో మర్యాద. దానికి మావాళ్ళ దగ్గర రెడీమేడ్ మాట ఉంది: "జాతకాలు కలవలేదండీ." ఏ సిద్ధాంతి చూశాడు అని అడిగినవాళ్ళని ఇంతవరకూ నేను చూడలేదు.