సీడీలా కనబడ్డ వైఫై డాంగిల్

మా అక్క కూతురు డిగ్రీలో చేరింది, దానికి నా పాత ల్యాప్‌టాప్ ఇద్దామని విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ 21 ఎక్కించా. లోపలి వైఫై కార్డు ఎప్పుడో పోయింది, అందుకే యూఎస్‌బీలో పెట్టుకుంటే వైఫై ఇచ్చే చిన్న డాంగిల్ ఒకటి కొన్నా. డబ్బా మీద లినక్స్ సపోర్ట్ అని రాసుంది. తీరా పెడితే వైఫై రాలేదు సరికదా డెస్క్‌టాప్ మీద సీడీ బొమ్మ వచ్చి కూర్చుంది, తెరిస్తే లోపల విండోస్ సెటప్ ఫైల్!

రెండు సాయంత్రాలు దీనికే పోయాయి. డాంగిల్‌ని నడిపించే ప్రోగ్రామ్, అదే డ్రైవర్, దాని సోర్స్ కోడ్ దొరికింది తెచ్చి కంపైల్ చేస్తే (నడిచే ప్రోగ్రామ్‌గా మారిస్తే) ఎర్రర్లు, ఒకటి ఎలాగో కంపైల్ అయితే నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంది కాబట్టి డిజిటల్ సంతకం లేని ఆ డ్రైవర్ మాడ్యూల్‌ని కెర్నల్ (లినక్స్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) రానివ్వలేదు. ఇవన్నీ దించుకోడానికి నెట్ ఎక్కడిదంటే, ఫోన్ కేబుల్‌తో పెట్టి ఫోన్ నెట్‌ని ల్యాప్‌టాప్‌కి ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశా, మీరూ ముందు అదే చేసుకోండి.

చివరికి టెర్మినల్‌లో, యూఎస్‌బీకి పెట్టినవాటి జాబితా చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ కొట్టి నిదానంగా చదివా. డాంగిల్ గుర్తింపు నంబర్ 0బీడీఏ:1ఏ2బీ అని ఉంది. కిటుకంతా ఇక్కడే. విండోస్ వాళ్లు డ్రైవర్ వేసుకోడానికి వీలుగా ఇది ముందు సీడీ డ్రైవ్‌లా కనబడుతుంది, ఎజెక్ట్ చేస్తేనే వైఫైగా మారుతుంది. ఆ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ఎజెక్ట్ కొట్టా, బొమ్మ పోయింది, మళ్లీ చూస్తే నంబర్ 0బీడీఏ:సీ811 అయింది. అంటే లోపలున్నది ఆర్‌టీఎల్8811సీయూ చిప్.

దీని డ్రైవర్ 2023 ఫిబ్రవరిలో వచ్చిన 6.2 వెర్షన్ నుంచి కెర్నల్‌లోనే ఉందండీ! ఇలాంటి చిప్‌లని నడిపే ఆ ఆర్‌టీడబ్ల్యూ88 డ్రైవర్‌కి యూఎస్‌బీ సపోర్ట్ తెచ్చిన డెవలపర్ సాషా హావర్‌కి నిజంగా దణ్ణం పెట్టాలి. నా మింట్‌లో ఉన్నది పాత కెర్నల్, 5.15. అప్‌డేట్ మేనేజర్‌లో వ్యూ మెనూలోకి వెళ్తే లినక్స్ కెర్నల్స్ అని ఉంటుంది, అక్కడ 6.8 వేసి రీస్టార్ట్ చేసి ఎజెక్ట్ కొట్టా, ఇంటి వైఫై పేరు కనబడింది. ఈ డ్రైవర్ కెర్నల్‌తో పాటు సంతకంతోనే వస్తుంది కాబట్టి సెక్యూర్ బూట్ ముట్టుకోనక్కర్లేదు.

పెట్టిన ప్రతిసారీ పిల్ల ఎజెక్ట్ కొట్టుకోవడం ఎందుకని యూడెవ్ రూల్ (ఫలానా పరికరం పెట్టగానే ఫలానా పని చెయ్యమని చెప్పే సెట్టింగ్) ఒకటి రాశా, 1ఏ2బీ కనబడగానే సీడీ రూపం నుంచి వైఫైకి మార్చే యూఎస్‌బీ మోడ్‌స్విచ్ ప్రోగ్రామ్ దానంతటదే నడుస్తుంది.

కొత్తగా కొనేవాళ్లు ఎంటీ7612యూ చిప్ ఉన్నది వెతకండి, దాని డ్రైవర్ 2018లో వచ్చిన 4.19 నుంచే కెర్నల్‌లో ఉంది. నా బాధల్లా ఒకటే, డబ్బా మీద చిప్ పేరు వెయ్యరు, ఆ ఒక్క ముక్క వేస్తే ఎంతమందికి సాయంత్రాలు మిగులుతాయో.

నిన్న రాత్రి హాస్టల్ నుంచి వీడియో కాల్ చేసింది, ఆ ల్యాప్‌టాప్‌లోంచే.